సున్నాలోళ్ల చేను

ఇప్పుడు మీరు ట్యాబ్ మీద వేలు పెట్టి నొక్కితే చాలు, నేల తన జాతకం మొత్తం చెప్పేస్తుంది. లోతెంత, నీరు నిలుస్తుందా జారిపోతుందా, ఏ పంటకు పనికొస్తుంది, అన్నీ. పచ్చరంగు వస్తే మంచి నేల, పసుపు వస్తే పర్వాలేదు, ఎరుపు వస్తే దాని జోలికి పోవద్దు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తారు. "ఇదంతా మీ తరం వాళ్లు ఎండలో తిరిగి గీసిందే కదా సార్" అంటారు. నేను టీ తాగుతూ తలూపుతాను. ఆ గౌరవం పుచ్చుకున్న ప్రతిసారీ గొంతులో టీ అడ్డం పడుతుంది.

ఎందుకో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు సగం చెప్పాను. అదీ నాకు అనుకూలంగా ఉన్న సగం. మిగతా సగం మీకు చెప్తాను, ఎందుకంటే రేపు ఆ గీతలు గీయబోయేది మీరే.

నేను నేలల సర్వేలో పనిచేశాను. సర్వీసంతా కర్నూలు, కడప జిల్లాల్లోనే గడిచింది. పని వినడానికి సులువు. ఊరి పటం, ఉపగ్రహం తీసిన బొమ్మ పట్టుకుని చేలల్లో నడవాలి. నేల మారినట్టు అనుమానం వచ్చిన చోటల్లా తవ్వి చూడాలి. కొన్నిచోట్ల మనిషి నిలబడేంత గుంత, కొన్నిచోట్ల బర్మాతో, అంటే చేత్తో తిప్పి నేలను తొలిచే ఇనుప కడ్డీతో, సన్నటి బోరు. ఎర్ర నేల ఎక్కడ ఆగింది, నల్లరేగడి ఎక్కడ మొదలైంది, గరుసు ఎక్కడిదాకా ఉంది చూసుకుని పటం మీద గీత గీయాలి. ఆ గీతే మా పని, మా జీతం, మా పరువు. గీతకు ఇవతల ఒక రంగు, అవతల ఒక రంగు. రైతుకు ఆ రంగే కనిపిస్తుంది. దాని వెనక ఎన్ని గుంతలు తవ్వామో, అసలు తవ్వామో లేదో కనిపించదు.

నేను మొదటినుంచీ దొంగపని చేసేవాణ్ణి కాదు, ఆ మాట కూడా చెప్పుకోనివ్వండి. బద్వేలు వైపు పనిచేసేటప్పుడు ఒక్క గీత కోసం రెండు రోజులు వాగులు, వంకల వెంబడి తిరిగి, చెప్పులు తెగి, ఎవరిదో చేలో వేరుశెనగ తొక్కినందుకు తిట్లు తిని, చివరికి గీత సరిచేసుకుని వచ్చాను. ఆ తిట్లు కూడా తియ్యగానే ఉన్నాయి. తర్వాత్తర్వాత అనుభవం వచ్చింది. అనుభవం వచ్చాక మనిషి నడవడం తగ్గిస్తాడు. దూరంనుంచి చూసి చెప్పేస్తాడు. పదిసార్లలో తొమ్మిదిసార్లు సరిపోతుంది కూడా. నన్ను పాడుచేసింది ఆ తొమ్మిదే.

నాతో ఒక ఫీల్డ్ అసిస్టెంటు ఉండేవాడు. నాకంటే మూడేళ్లు పెద్ద. బర్మా భుజాన వేసుకుని నా ముందర నడిచేవాడు. చదువు తక్కువ, నోరు ఎక్కువ. మట్టి చేతిలో నలిపి, వాసన చూసి, నేను పుస్తకం తెరిచేలోపు చెప్పేసేవాడు. నేను చెట్టుకింద కూర్చుని పటం మీద గీతలు లాగుతుంటే పక్కన నిలబడి, "పెన్సిలు శానా దూరం పోయొచ్చె సార్, మన కాళ్లే ఈడ ఉండాయి" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. అతనూ నవ్వేవాడు. ఆ మాటల్లో ఉన్నది వేళాకోళం ఒక్కటే అనుకున్నాను.

పత్తికొండ ప్రాంతంలో పని ముగిసే దశకు వచ్చింది. మే నెల. రాళ్ల మీద కాలు పెట్టలేని ఎండ. కర్నూలు ఆఫీసునుంచి మా పై అధికారి రోజుకు రెండుసార్లు ఫోన్ చేస్తున్నాడు, సోమవారానికి ఆ ప్రాంతం పటం షీటు పంపాలని. మిగిలింది ఒకే ఒక్క ఊరు. ఊరికి తూర్పున వంక, పడమట చిన్న గుట్ట. వంక పక్కన రెండు బోర్లు వేశాం. అద్భుతమైన నేల. బర్మా మునిగినంత లోతూ ఎర్రమట్టే. అక్కడినుంచి గుట్ట వైపు నేల మెల్లగా ఎక్కుతుంది. ఆ ఏటవాలులో ఇంకో నాలుగు బోర్లు వేయాలి.

ఆ పొద్దు మాకు అన్నం పెడతానన్నది ఆ ఊరి రైతు ఒకతను. అప్పటికి నలభై ఏళ్లు ఉంటాయేమో. ముస్లిం కుటుంబం, ఇంట్లో తెలుగే. టమేటా వేసి వేసి విసిగిపోయి, మార్కెట్లో బుట్టలు పారబోసి వచ్చి, ఇక చెట్లు పెట్టుకుందామనే ఆలోచనలో ఉన్నాడు. రెండు రోజులనుంచి మా వెంటే తిరుగుతూ, "సార్, మా చేను కూడా జర చూడండి సార్" అని బతిమాలుతున్నాడు.

"యాడ నీ చేను?"

చెయ్యెత్తి ఏటవాలు వైపు చూపించాడు. "అదో సార్, ఆ గుట్ట కింద నాలుగెకరాలు. సున్నాలోళ్ల చేనంటారు."

నా నోటుపుస్తకంలో గడులు ఉంటాయి. సర్వే నంబరు, యజమాని, వాలు, రంగు, ఇట్లా. నేను యజమాని గడిలో, 'ఇతను. పాత యజమానులు: సున్నాల వారు' అని రాసుకున్నాను. ఇంటిపేరు అనుకున్నాను! వీళ్ల తాతలు ఏ సున్నాల వారి దగ్గరో కొనుక్కుని ఉంటారు, చేనికి ఆ పేరు నిలిచిపోయింది అనుకున్నాను. ఒక్క మాట, 'ఎవరప్పా ఆ సున్నాలోళ్లు?' అని అడిగి ఉంటే నాకు ఇవాళ ఈ రాత ఉండేది కాదు. అడగలేదు. ఆకలేస్తోంది.

"సార్, గుట్టపక్క నాలుగూ వేసేసి పోదాం. గంటన్నర పని" అన్నాడు అసిస్టెంటు.

నేను ఉపగ్రహం బొమ్మ చూశాను. వంకనుంచి గుట్టదాకా ఒకటే ఎరుపు. గుట్ట కింద బండిదారి ఒకటి తెల్లగా, తిన్నగా కనిపిస్తోంది. గీత గీయడానికి దేవుడిచ్చినట్టుంది. పెన్సిలు తీసి ఆ బండిదారి వెంబడే గీసేశాను. దారికి ఇవతలంతా లోతైన ఎర్ర నేల, అవతల గుట్ట. నాలుగెకరాలూ మంచివైపు పడ్డాయి.

అసిస్టెంటు బర్మా కింద పెట్టి, గీతను చూసి, "పెన్సిలు పోయొచ్చె" అన్నాడు. ఆసారి నవ్వలేదు.

రైతు ఇంట్లో జొన్నరొట్టె, చెనిక్కాయల పచ్చడి, మజ్జిగ. రొట్టెలు చేసి పెట్టింది అతని తల్లి. సన్నగా, నిటారుగా ఉండే మనిషి. గడప మీద కూర్చుని మేము తినడం చూస్తూ, "మా సున్నాలోళ్ల చేను ఎట్ల ఉండాదప్పా?" అని అడిగింది.

"బంగారంలాగా ఉందమ్మా."

"అయ్యో, దాంట్లో ఏముండాదప్పా? ఉలవలు తప్ప ఏమీ రావు. నేను కాపరానికి వచ్చినప్పటినుంచి చూస్తాండా."

నేనేమన్నానో చెప్పడానికి సిగ్గేస్తుంది. కానీ చెప్పాలి. "ఉలవల కాలం పోయిందమ్మా, ఇప్పుడు సైన్సు వచ్చింది" అన్నాను. కొడుకు పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమె మాత్రం ఇంకో రొట్టె నా పళ్లెంలో వేసింది.

తర్వాత ఆ ఊళ్లో పటాలు పంచే సభ పెట్టారు. మైకు నా చేతికిచ్చారు. మైకు దొరికితే మాలాంటి వాళ్లకు ఒళ్లు తెలీదు. ఆ రైతును లేపి నిలబెట్టి, పటంలో పచ్చరంగు మీద వేలు పెట్టి, "ఇట్లాంటి నేల ఈ ఊళ్లో నీకే ఉంది. చీనీ పెట్టుకో. కళ్లు మూసుకుని పెట్టుకో" అన్నాను. చప్పట్లు కొట్టారు. అతను కళ్లు మూసుకునే పెట్టుకున్నాడు. వంక పక్క చేలో బోరు వేయించి, అక్కడినుంచి పైపులు లాగి, నాలుగెకరాల్లో చీనీ, అదే బత్తాయి, మొక్కలు నాటాడు.

చీనీ చెట్టు గురించి మీకు తెలిసే ఉంటుంది. మొదటి రెండు మూడేళ్లు పైమట్టిలోనే బతికేస్తుంది. వేరు కిందికి దిగినప్పుడు తెలుస్తుంది దాని అదృష్టం. కింద సున్నపు పొర తగిలిందా, ఇనుము అందదు. ఆకులు పచ్చదనం పోయి పసుపుబారతాయి. ఈనెలు మాత్రమే పచ్చగా మిగులుతాయి. కొమ్మలు చివరినుంచి ఎండుకుంటూ వస్తాయి. మనిషి ఎంత చాకిరీ చేసినా ఆ చెట్టు బాగుపడదు.

నాలుగో ఏడు దాటాక అతని అర్జీ వచ్చింది. 'మీరు ఇచ్చిన పటం ప్రకారం చీనీ పెట్టితిని. చెట్లు పసుపుబారి చచ్చిపోతున్నవి. దయచేసి వచ్చి చూడగలరు' అని. దయచేసి అని రాశాడండీ.

మా పై అధికారి ఆ కాగితం నా ముందు పెట్టి, "షీటు మొత్తం మీ సంతకంతో పోయింది. చూసి రాయండి" అన్నాడు. అంతే. ఏం రాయాలో చెప్పలేదు. చెప్పి ఉంటే ఎంత బాగుండేది! ఈపాటికి తప్పంతా ఆయన మీదికి తోసేసి హాయిగా నిద్రపోయేవాణ్ణి.

నేను, అసిస్టెంటు జీపులో వెళ్లాం. చేను గట్టు మీద నిలబడగానే నాకు తెలిసిపోయింది. గుంత తవ్వక్కరలేదు. చెట్లన్నీ పసుప్పచ్చగా, పండగకు పూలు కట్టినట్టు వెలిగిపోతున్నాయి. అతను చెట్టు చెట్టుకూ తిప్పి చూపించాడు. ప్రతి చెట్టు మొదట్లో పాదు శుభ్రంగా చేసి ఉంది. ఒక్క గడ్డిపోచ లేదు. ఎరువు వేసిన చోట మట్టి ఇంకా గుల్లగా ఉంది. బిడ్డ జబ్బు గురించి డాక్టరుకు చెప్పినట్టు చెప్తున్నాడు, ఎప్పుడు మొదలైందో, ఏమేం కొట్టాడో.

"ఏమి తక్కువ చేసినానో చెప్పండి సార్. చేస్తా" అన్నాడు.

రెండు చెట్ల మధ్య గుంత తవ్వమన్నాను. అసిస్టెంటు గడ్డపార వేశాడు. అడుగు దిగింది, ఎర్రమట్టి. అడుగున్నర. రెండు అడుగుల దగ్గర గడ్డపార ఖంగుమంది. అతను వంగి చేత్తో మట్టి తోసి, అలాగే వంగి ఉండిపోయాడు. కింద తెల్లగా, గడ్డలు గడ్డలుగా, గచ్చు వేసినట్టు సున్నపు పొర. దాని మీద చీనీ వేళ్లు అడ్డంగా, దిక్కు తెలియకుండా పాకి ఉన్నాయి.

రైతు తల్లి కూడా వచ్చింది. గుంత గట్టు మీద కూర్చుని లోపలికి చూసి, "ఇదేనప్పా నేను చెప్పింది" అంది. "మా అత్త చెప్పేది. ఆ కాలంలో ఊర్లో ఇండ్లకు సున్నం కావాలంటే ఈడికొచ్చి ఈ గడ్డలు తవ్వుకొని కాల్చేటోళ్లంట. ఆ గుట్ట కింద బట్టీలు ఉండె. అందుకే సున్నాలోళ్ల చేను అంటారు."

నాకు నా నోటుపుస్తకం గుర్తొచ్చింది. యజమాని గడి గుర్తొచ్చింది. సున్నాల వారు!

ఊరు ఊరంతా ఆ నేల పేరు పెట్టి పిలుస్తోంది. నా చెవిలో వేసింది కూడా. నేను దాన్ని తీసుకెళ్లి ఇంటిపేరు చేశాను.

మేము ఒక చిన్న సీసా మోసుకెళ్తాం. నీళ్లు కలిపిన యాసిడ్. సున్నం ఉన్న మట్టి మీద చుక్క వేస్తే బుస్సుమని నురుగు వస్తుంది, లేని మట్టి మీద ఊరికే ఇంకిపోతుంది. అలవాటుగా సీసా తీసి గుంతలోని తెల్లగడ్డ మీద వేశాను. ఎందుకు వేశానో! చూస్తే తెలిసిపోయే దానికి. బుస్సుమంది. అందరికీ వినిపించేంత బుస్సుమంది.

"ఓయబ్బ, సోడా మాదిరి పొంగుతాండాదే! ఏందప్పా అది?" అంది ఆమె.

కొడుకు నా మొహం వైపు చూశాడు. ఆ క్షణంలో నేను నిజం చెప్పొచ్చు. 'కింద సున్నం ఉంది. నేను చూడలేదు. తప్పు నాది' అనడానికి ఎంతసేపు పడుతుంది? నా నోటినుంచి వచ్చింది ఇది: "అది యాసిడ్ అమ్మా. దేని మీద పోసినా అట్లాగే పొంగుతుంది."

అసిస్టెంటు గుంతలోంచి తలెత్తి నన్ను చూశాడు.

ఆమె గుంత పక్కనుంచి పైమట్టి, ఆ మంచి ఎర్రమట్టి, పిడికెడు తీసి నా ముందుకు చాపింది. "అట్లయితే దీని మీద పోయప్పా, చూద్దాం" అంది. వెటకారం లేదు. తెలుసుకుందామనే అడిగింది.

నేను సీసాకు మూత బిగించాను. "మందు అయిపోయిందమ్మా" అన్నాను.

గోధుమరంగు గాజుసీసా. ఎండలో లోపల ఎంతుందో పసిపిల్లకు కూడా కనిపిస్తుంది. సగానికి పైగా ఉంది. ఆమె సీసాను చూసింది, నన్ను చూసింది. మట్టి కింద పోసేసి, చేతులు దులుపుకుని, కొంగు సర్దుకుని, ఊళ్లోకి వెళ్లిపోయింది.

రిపోర్టు రాశాను. 'సూక్ష్మపోషక లోపము కలదు. సిఫారసు మేరకు రైతు యాజమాన్య పద్ధతులు పాటించనందున చెట్లు దెబ్బతిన్నవి. పిచికారి చేయవలెను.' ఇనుము లోపం నిజమే కదా. అబద్ధంలో అంత నిజం కలిపితే చాలు, నిలబడుతుంది. పై అధికారి చదివి సంతకం పెట్టాడు. ఫైలు మూసుకుంది. పటంలో సున్నాలోళ్ల చేను పచ్చగానే ఉండిపోయింది.

ఆ పొద్దు తిరుగు ప్రయాణంలో అసిస్టెంటు కర్నూలు దాకా నోరు విప్పలేదు. అంత నోరున్న మనిషి! జీపు దిగి, బర్మా తీసి వెనక సీట్లో నా పక్కన పెట్టాడు. "ఇంగ దీన్ని నేను మొయ్యలేను సార్. నడుము నొస్తాంది" అన్నాడు. వారం తిరక్కుండా ఆఫీసులో కాగితాల పనికి మార్పించుకున్నాడు. నడుము నొప్పి నిజం కాదని నాకు తెలుసు, నాకు తెలుసని అతనికి తెలుసు. ఆ తర్వాత ఎదురుపడితే 'నమస్తే సార్' అనేవాడు. పెన్సిలు మాట మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. ఆ మాట కోసం నేను ఎదురుచూసేవాణ్ణంటే నమ్ముతారా?

రెండేళ్ల కిందట రిటైరయ్యాను. శాలువా కప్పారు. 'అడుగడుగూ నడిచి నేలను చదివిన మనిషి' అని ఒకాయన మాట్లాడాడు. జ్ఞాపికగా నేను గీసిన షీటొకటి ఫ్రేము కట్టించి ఇచ్చారు. ఏ షీటో తెలుసా? పత్తికొండదే. ఎవరికీ ఏమీ తెలియదు పాపం, రంగులు బాగున్నాయని అది తీశారట. కల్లూరులో కట్టుకున్న ఇంట్లో, హాల్లో, మా ఆవిడ దాన్ని తగిలించింది. రోజూ కాఫీ దాని కింద కూర్చునే తాగుతాను.

మొన్నీమధ్య మందులకని షేర్ ఆటో ఎక్కాను. ముందు సీట్లో డ్రైవరు పక్కన చోటిచ్చారు. నాలుగు సందులు దాటాక డ్రైవరు అద్దంలోంచి కాదు, పక్కకు తిరిగి నేరుగా చూసి, "మీరు మట్టి సారు కదా?" అన్నాడు.

అతనే. జుట్టు నెరిసింది. చీనీ పెట్టిన రైతు.

"శానా దినాలకు కనపడితిరి సార్! బాగుండారా?" అని సంతోషపడ్డాడు. నిజంగా సంతోషపడ్డాడు. నాకు ఆటోలోంచి దూకేద్దామనిపించింది.

"చీనీ..." అన్నాను.

"పీకేస్తిమి సార్. ఇంగ చూడలేక పీకేస్తి. ఈడికొచ్చి ఆటో తోలుకుంటాండా. మీరు రాసిచ్చిన మందులు కొడితిని, గానీ నాకు చేత కాలే. చెట్టును సాకడం అందరికీ వస్తాదా సార్! మీరు అంత మంచి నేల అని చూపిచ్చినా, చెడగొట్టుకొంటి." ఆటో పక్కకు ఆపి ఒకామెను దించి, మళ్లీ నడిపాడు. "నా చేతకానితనం" అన్నాడు.

ఇన్నేళ్లూ అతను నన్ను తిట్టుకుంటూ ఉంటాడని నేను అనుకుంటున్నాను. తిట్లు పడటానికి సిద్ధంగా ఉన్నాను కూడా. అతను నా రిపోర్టును నమ్మాడు. నేను రాసిన అబద్ధాన్ని అక్షరం అక్షరం నమ్మి, తనను తాను తిట్టుకుంటూ ఆటో తోలుతున్నాడు.

అంతటితో అయిపోలేదు. "ఇప్పుడు మా బావ పెడతాండాడు సార్, చీనీ. మా పక్క చేన్లోనే. గుంతలు తవ్వించడానికి మిషను మాట్లాడినాడు. ఫోన్లో చూస్తే మా చేనూ వాళ్ల చేనూ ఒకటే పచ్చగా ఉండాది. మా అమ్మ ఒకటే పోరు, పెట్టొద్దు పెట్టొద్దు అని. ముసలామె, ఆమెకేం తెలుసు సార్? మీరొకసారి వచ్చి చెప్తే ఊరుకుంటాది. మీ మాటంటే మా ఊర్లో విలువ ఉండాది" అన్నాడు.

నాకు ఆ పూట మందుల చీటీ ఎక్కడ పెట్టానో కూడా గుర్తులేకపోయింది. ఇంటికి వచ్చి ఆఫీసుకు ఫోన్ చేసి, ఆ చేలకు పటంలో రంగు మార్చాలన్నాను. ఒక కుర్రాఫీసరు చాలా మర్యాదగా, "రాసి పంపండి సార్, పరిశీలనకు పెడతాం" అన్నాడు. రాసి పంపాను. అది పచ్చరంగును తాకేలోపు మిషను గుంతలు తవ్వేస్తుంది. మూడు రోజులు హాల్లో ఆ ఫ్రేము కింద కూర్చున్నాను. పోవడానికి కాళ్లు రాలేదు. ఎండలో నడవడానికి రాని కాళ్లు దీనికెలా వస్తాయి? నాలుగో రోజు కిరాణా అంగట్లో బాత్రూములు కడిగే యాసిడ్ కొని, ఒక సీసాలో నీళ్లు కలిపి, సంచిలో పెట్టుకుని పత్తికొండ బస్సెక్కాను.

ఆటోలో తీసుకున్న నంబరుకు ఫోన్ చేస్తే, అతను ఆ రోజు ఊళ్లోనే ఉన్నానన్నాడు. బస్టాండుకు బండి తెచ్చాడు. నేను ఎక్కేముందు సీటు తువాలుతో తుడిచాడు. "కూర్చోండి సార్, బాగా పట్టుకోండి సార్" అంటూ గతుకులన్నీ తప్పించి తీసుకెళ్లాడు.

పక్క చేలో అతని బావ, మిషనువాడు, ఇంకో నలుగురు ఉన్నారు. ముసలామె గట్టు మీద కూర్చుని ఉంది. ఇంకా సన్నబడింది. నన్ను చూసి లేవలేదు.

"మా, సారొచ్చినాడు. ఇంగ విను" అన్నాడు కొడుకు.

"ముందు ఒక గుంత తవ్వించండి" అన్నాను. మిషను రెండుసార్లు కొరికేసరికి తెల్లపొర బయటపడింది. నేను గుంతలోకి దిగడానికి ఇద్దరు చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. తెల్లగడ్డ ఒకటి తీసి పైన రాయి మీద పెట్టి, సంచిలోంచి సీసా తీశాను. చుక్క వేశాను. అప్పటిలాగే బుస్సుమంది.

"అదే సార్, దేని మీద పోసినా పొంగుతాది కదా" అన్నాడు అతను, బావకు నా పాఠం చెప్తున్నట్టు.

ముసలామె లేచింది. వంగి పిడికెడు ఎర్రమట్టి తీసుకుని నా దగ్గరికి వచ్చింది. చెయ్యి చాపి, "ఈ పొద్దన్నా ఉండాదా అప్పా, మందు?" అంది.

"ఉందమ్మా. చేతిలో వద్దు, రాయి మీద పెట్టు" అన్నాను.

ఆమె పెట్టింది. పోశాను. ఒక చుక్క కాదు, ధారగా పోశాను. ఎర్రమట్టి తడిసి కొంచెం ముదురు రంగుకు తిరిగింది, అంతే. చప్పుడు లేదు. నురుగు లేదు.

"అప్పుడూ సీసాలో ఉందమ్మా. అబద్ధం చెప్పాను" అన్నాను. తర్వాత అతని వైపు తిరిగాను. "పటం గీసినప్పుడు ఈ చేలల్లో నేను ఒక్క గుంత కూడా తవ్వలేదు. కూర్చుని గీత గీశాను. కింద సున్నం ఉంది, ఏ చీనీ చెట్టూ ఇక్కడ బతకదు. చెట్లు చచ్చాక కూడా చూసి, నీదే తప్పని రాశాను."

అతను తడిసిన మట్టినే చూస్తున్నాడు. బావ మిషనువాడి వైపు చూసి, ఇంజను ఆపెయ్యమని చెయ్యూపాడు.

"సీసాలో ఉండేది నాకు తెలుసప్పా. నేనూ చూస్తి. నువ్వెప్పుడు చెప్తావో అని ఉండా" అంది ముసలామె. ఆ తర్వాత కొడుకు భుజం మీద చెయ్యి వేసింది. "విన్యావా నాయనా? నీ చేతకానితనం కాదు."

అతను ఏడుస్తాడనుకున్నాను. కొడతాడనుకున్నాను. రెండూ చేయలేదు. గుట్ట వైపు తిరిగాడు. ఆ గుట్ట కింద బండిదారి అలాగే తెల్లగా, తిన్నగా ఉంది. ఆమె నన్ను అన్నానికి రమ్మనలేదు.

పొద్దు వాలుతుంటే అతను బండి స్టార్ట్ చేశాడు. సీటు తుడవలేదు. నా వైపు తిరగకుండానే, "ఏమప్పా, ఎక్కుతావా? బస్సు పోతాది" అన్నాడు.

ఎక్కాను.